గుడిలో మాట మారినప్పుడు: లాటిన్ నుంచి తెలుగుకు, తెలుగు నుంచి కోయ మాటకు

ఏలూరు కతోలిక పీఠం 1976 డిసెంబరు 9న విజయవాడ పీఠం నుంచి విడివడి ఏర్పడింది. తొలి పీఠాధిపతి ములగాడ జాన్ గారు. 2013లో పొలిమేర జయరావు గారు ఆ బాధ్యత స్వీకరించారు. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలు, కొల్లేటి లంకలు ఒకవైపు, పోలవరం, బుట్టాయగూడెం ప్రాంతాల కోయ, కొండరెడ్డి పల్లెలు మరొకవైపు ఉన్న నేల ఇది. ఇలాంటి చోట పూజలో ఒక్క మాట మార్చినా అది అందరికీ ఒకేలా చేరదు.

పీఠం పుట్టకముందే అతి పెద్ద మార్పు వచ్చింది. అంతవరకు గురువు లాటిన్‌లో పూజ చేసేవారు, జనం తమకు తెలిసిన జపాలు చెప్పుకునేవారు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధన గురించిన శాసనాన్ని వెలువరించింది. ప్రజలు తెలిసి, మనస్ఫూర్తిగా పూజలో పాల్గొనాలన్నది దాని సారం. 1965 మార్చి 7 నుంచి పూజలో ప్రజల భాషలకు చోటు దొరికింది. 1969లో ఆరవ పౌలు పోపు కొత్త పూజాక్రమాన్ని ప్రకటించారు.

మన పల్లెల్లో చదువు వచ్చినవారు తక్కువ. జపాలన్నీ ఉపదేశి నోటి నుంచి విని కంఠతా పట్టినవే. 'సర్వేశ్వరుడు', 'ఏలినవారు' అనే పాత కతోలిక మాటలు పెద్దల నాలుక మీద అలాగే నిలిచిపోయాయి. పుస్తకంలో మాట దిద్దడం తేలిక. నిద్రలో లేపినా జపం చెప్పగల ముసలమ్మ నోట ఆ మాటను మార్చడం తేలిక కాదు. ఆమెకు కారణం చెప్పకుండా మారిస్తే తన ప్రార్థన తప్పేమోనని భయపడుతుంది. అందుకే అచ్చు పుస్తకం కన్నా ముందు ఉపదేశి సిద్ధం కావాలి.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. 2011 నవంబరు 27న అమెరికాలో ఇంగ్లీషు పూజ మాటలు మారాయి. దాదాపు నలభై ఏళ్లుగా 'అండ్ ఆల్సో విత్ యూ' అన్నవారు 'అండ్ విత్ యువర్ స్పిరిట్' అనవలసి వచ్చింది. అక్కడ నెలల ముందు నుంచే ప్రసంగాల్లో కారణాలు వివరించారు, పాటల బాణీలు నేర్పారు, బెంచీల్లో మాటల కార్డులు పెట్టారు. అయినా పాత జవాబే నోట వచ్చిందని చెప్పుకున్నవారు ఎందరో. చదువున్న సంఘాలకే అంత సమయం పడితే, విని నేర్చుకునే మన పల్లెలకు ఎంత ఓపిక కావాలో ఆలోచించండి.

మాటతో పాటు మర్యాదలూ మారాయి. 1969 ఏప్రిల్‌లో భారతదేశ పూజకు పన్నెండు అంశాల అనుమతి రోము నుంచి వచ్చింది. చెప్పులు విడవడం, నేల మీద కూర్చోవడం, చేతులు జోడించడం, హారతి, నూనె దీపం అందులోవే. భారతీయత పేరుతో వచ్చిన ఈ పద్ధతుల్లో చాలావరకు అగ్రవర్ణ దేవాలయాల మర్యాదలేనని దళిత, ఆదివాసీ క్రైస్తవ ఆలోచనాపరులు ప్రశ్నించారు. ప్రశ్న న్యాయమైనదే. మన రేలా పాటకు, కొమ్ము నృత్యానికి, డోలు దెబ్బకు గుడిలో ఏ చోటు? హారతి పళ్లానికి దొరికిన గౌరవం వాటికీ దక్కాలి కదా!

కోయ ఇంట పుట్టిన బిడ్డకు తెలుగు బడిలో, సంతలో నేర్చుకునే రెండో భాష. లాటిన్ పోయి తెలుగు వచ్చినప్పుడు లంక గ్రామాలవారికి తమ భాష దక్కింది. కోయవారికి ఒక పరాయి భాష పోయి, కాస్త దగ్గరి పరాయి భాష వచ్చింది. 2017 సెప్టెంబరులో ఫ్రాన్సిస్ పోపు ఇచ్చిన 'మాగ్నుమ్ ప్రిన్సిపియుమ్' ఆదేశం అనువాదాల బాధ్యతను ఆయా దేశాల పీఠాధిపతుల సభలకు మరింతగా అప్పగించింది. అంటే నిర్ణయం మనకు కాస్త దగ్గరకు వచ్చింది. అడగవలసింది మనమే.

అడిగేముందు చేయవలసిన పని ఉంది. కృప, పాపం, క్షమాపణ, బలి అనే మాటలకు మన పెద్దలు ఇంట్లో ఏమంటారో రాసి పెట్టుకోవాలి. జపాలను కోయలో వివరించగల యువతను ఉపదేశులుగా తయారు చేయాలి. మాట మారే ప్రతిసారీ ముందు నాలుగు ఆదివారాలైనా ఆ మాటను ఇంటి భాషలో విప్పి చెప్పాలి. ఆ పెద్దలు మన మధ్య ఉండగానే ఈ పని మొదలు కావాలి.