కస్తూరి వెనుక మృగం

ప్రబంధం పాఠంలో నాయిక నుదుటి కస్తూరి తిలకాన్నీ, మేని పూతనూ ఏళ్ళ తరబడి శృంగార వర్ణనగానే చెప్పాను. "ఆ మృగం ఏమైంది మాస్టారూ?" అని ఒక విద్యార్థి అడిగేదాకా నాకు ఆ ప్రశ్నే తోచలేదు.

జవాబు చరిత్రలో ఉంది. కస్తూరి హిమాలయాల్లో తిరిగే మగ మృగం పొట్ట కింది తిత్తిలో ఊరుతుంది. తిత్తికి సుమారు 25 గ్రాములు. కిలో కావాలంటే దాదాపు 40 మృగాలు చావాలి. ఉచ్చుకు ఆడా మగా తేడా తెలియదు. తిత్తి లేని ఆడవీ, కూనలూ చచ్చేవి. 1888లో పేలుడు పదార్థాలపై పరిశోధిస్తూ ఆల్బర్ట్ బౌర్ కృత్రిమ కస్తూరి కనిపెట్టాడు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం వేటను నిషేధించింది. దొంగవేట మాత్రం ఆగలేదు.

నేను పాఠం చెప్పిన వర్ణనల్లో పరిమళం ఉంది. ఉచ్చు పన్నిన చెయ్యీ లేదు, అందులో పడ్డ ప్రాణీ లేదు. ఆస్థానం చూడని దాన్ని విమర్శకుడూ చూడకపోతే రసజ్ఞత అనిపించుకోదు. ఇకపై ఆ పద్యం పక్కనే ఈ లెక్క కూడా బల్ల మీద రాస్తాను.