అనాసపువ్వులోంచి వచ్చిన ఫ్లూ మాత్ర

2005లో బర్డ్ ఫ్లూ భయం ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు చైనాలోని గ్వాంగ్సీలో పండే అనాసపువ్వుకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. మనం బిర్యానీలో వేసే అనాసపువ్వే. టామిఫ్లూ మాత్రకు ముడిసరుకైన షికిమిక్ ఆమ్లాన్ని ఎక్కువగా దాన్నుంచే తీసేవారు. (అలాగని అనాసపువ్వు కషాయం తాగితే ఫ్లూ పోదు. ఆ ఆమ్లం మందుగా మారాలంటే ఎన్నో రసాయన చర్యలు దాటాలి.)

అసలు కథ మొదలైంది ఆస్ట్రేలియాలో. ఫ్లూ వైరస్ మన కణంలో పెరిగి బయటికొచ్చేటప్పుడు, కణం పైనున్న సియాలిక్ ఆమ్లానికి అతుక్కుపోతుంది. వైరస్‌కున్న న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్ కత్తెరలా ఆ అతుకు తెంచితేనే దానికి విడుదల. శాస్త్రవేత్త గ్రేమ్ లేవర్ ఈ ఎంజైమ్‌ను స్ఫటికాలుగా మలిస్తే, పీటర్ కోల్మన్ బృందం ఎక్స్‌రేలతో దాని ఆకారాన్ని 1983లో బయటపెట్టింది. ఏటా వేషం మార్చే వైరస్ ఆ ఎంజైమ్‌లోని ఒక గుంటను మాత్రం మార్చుకోవడం లేదు! నా దృష్టిలో ఈ కథ మొత్తానికి గొప్ప ఘట్టం ఇదే. ఆ గుంటలో ఇమిడి కత్తెరను ఆపేలా మార్క్ వాన్ ఇట్‌స్టైన్ బృందం రూపొందించిన మందు జనామివిర్. పనిచేసింది గానీ, మింగితే ఒంటికి పట్టదు, పొడిగా పీల్చాలి.

ఈ చిక్కు విప్పింది కాలిఫోర్నియాలోని గిలియడ్ కంపెనీ. పొట్టలోంచి రక్తంలోకి చేరి, కాలేయంలో అసలు రూపం దాల్చే ఒసెల్టామివిర్‌ను తయారుచేసింది. 1996లో హక్కులు స్విస్ కంపెనీ రోష్ తీసుకుంది. 1999లో అమెరికా అనుమతించింది. అదే టామిఫ్లూ.

బర్డ్ ఫ్లూ రోజుల్లో గిరాకీకి తగ్గట్టు మాత్రలు అందించలేక, 2005 డిసెంబరులో రోష్ మన హైదరాబాద్ మందుల కంపెనీ హెటిరోకు తయారీ లైసెన్సు ఇచ్చింది. 2009 మేలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడిందీ హైదరాబాద్‌లోనే. దానికీ వాడింది ఈ మాత్రలే; మొదట్లో ఇవి ప్రభుత్వం ద్వారానే అందేవి.

దేశదేశాలు కోట్లు పోసి ఈ మందును నిల్వ చేసుకున్నాక, వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ సమీక్ష 2014లో నీళ్లు చల్లింది: పెద్దవాళ్లలో ఫ్లూ లక్షణాలు ఒక పూట పైచిలుకు ముందు తగ్గుతాయంతే, ఆసుపత్రి పాలు కాకుండా ఆపుతుందనడానికి గట్టి రుజువు లేదని. మందు తెలివైనదే, దాని మీద పెట్టుకున్న ఆశలే మితిమీరాయి. వైరస్ బాగా పెరిగిపోయాక అతుకు తెంచకుండా ఆపినా లాభం తక్కువ కనుక, జ్వరం మొదలైన 48 గంటల్లోపే వేసుకోమంటారు. పెద్దలకు 75 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకు రెండు, అయిదు రోజులు. రోగం ముదిరి ఆసుపత్రిలో చేరినవారికైతే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా మొదలుపెడతారు.