పనిలేని హార్మోను, పనికొచ్చిన సాక్షి

కాల్సిటోనిన్ కథ తప్పు చిరునామాతో మొదలైంది. 1962లో కెనడాకు చెందిన హెరాల్డ్ కాప్ బృందం కుక్కల మెడలోని థైరాయిడ్, పారాథైరాయిడ్ గ్రంథుల గుండా కాల్షియం హెచ్చుగా ఉన్న రక్తాన్ని పారించింది. ఒంట్లో కాల్షియం చకచకా పడిపోయింది. పారాథైరాయిడ్ హార్మోను ఆగినంత మాత్రాన ఇంత వేగం రాదు, కాబట్టి కాల్షియాన్ని దించే హార్మోను వేరే ఉందని కాప్ తేల్చాడు; దాని పుట్టిల్లు మాత్రం పారాథైరాయిడే అనుకున్నాడు. రెండేళ్లకు లండన్‌లో ఇయాన్ మెకింటైర్ బృందం మేకను ఎంచుకుంది. మేకలో ఆ రెండు గ్రంథులనూ విడదీసి పరీక్షించవచ్చు. హార్మోను థైరాయిడ్‌దేనని అలా తెలిసింది. అదీ థైరాక్సిన్ చేసే కణాలది కాదు, వాటి నడుమ చెదురుమదురుగా ఉండేవాటిది. 1966లో శాస్త్రవేత్త పియర్స్ వాటిని సి కణాలన్నాడు.

అప్పటికి ఏడేళ్ల ముందే, 1959లో, అమెరికాలో హజార్డ్, హాక్, క్రైల్ మెడుల్లరీ అనే థైరాయిడ్ క్యాన్సర్‌ను విడి జబ్బుగా వర్ణించారు. అది సి కణాలదేనని తేలాక రోగుల రక్తంలో చూస్తే కాల్సిటోనిన్ పొంగిపొర్లుతోంది, కాల్షియం మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు! థైరాయిడ్ మొత్తం తీసేసినవారికి థైరాక్సిన్ మాత్రలిస్తారు గానీ కాల్సిటోనిన్ ఎవరూ ఇవ్వరు. మనిషికి ఇది పెద్దగా అక్కర్లేని హార్మోను. నా వాదన ఇక్కడే ఉంది: ఆ అక్కర్లేనితనమే దీన్ని మంచి సాక్షిని చేసింది. ఒంటికి అవసరమైన హార్మోనైతే ఆపరేషన్ తర్వాత బయటి నుంచి ఇవ్వాల్సి వచ్చేది, లెక్క కలుషితమయ్యేది. దీని అంకె సున్నాకు దిగితే, కొలతకు అందేంత కణజాలం మిగల్లేదన్నమాట.

1970ల్లో ఈ సాక్ష్యం కణితి కన్నా ముందుకు వెళ్లింది. ఈ జబ్బు ఉన్న కుటుంబాల వారికి కాల్షియం ఎక్కించి, కాల్సిటోనిన్ ఎగబాకినవారి గ్రంథిని తీసి చూస్తే, కొందరిలో గడ్డ లేదు. సూక్ష్మదర్శిని కింద సి కణాలు గుంపులుగా పెరిగి కనిపించాయి. క్యాన్సర్‌కు ముందరి మెట్టు అదేనని 1973లో ప్రచురితమైంది.

సాక్షి అబద్ధమాడదా అంటే, ఆడుతుంది. మూత్రపిండాలు చెడినా అంకె పెరగొచ్చు. వంశపారంపర్య జబ్బు లేనివారిలోనూ సి కణాలు గుమిగూడొచ్చు. 1993లో ఈ వంశపారంపర్య జబ్బుకు మూలమైన రెట్ జన్యువు దోషం బయటపడ్డాక, ఆ దోషం లేకుండానే పరీక్షను నమ్మి గ్రంథి పోగొట్టుకున్నవారు ఉన్నారని తేలింది. మరి జన్యుపరీక్ష ఉండగా ఇదెందుకు? కుటుంబంలో ఎవరికి ముప్పో చెప్పడంలో జన్యువుదే పైచేయి, ఒప్పుకోవాల్సిందే. కానీ మెడుల్లరీ క్యాన్సర్లలో సుమారు నాలుగింట మూడు వంతులు వంశపారంపర్యం కావు. పైగా జన్యువు పుట్టినప్పుడు చెప్పిన మాటే ఎప్పుడూ చెబుతుంది. ఆపరేషనైన ఆర్నెల్లకు జబ్బు ఎక్కడిదాకా వచ్చిందో దానికి తెలియదు. జబ్బు రెట్టింపవడానికి ఎన్నాళ్లు పడుతోందో వైద్యులు నేటికీ కాల్సిటోనిన్ అంకెలతో లెక్కగడుతున్నారు.