భుజము కీలుకు లోహపు తొడుగు

మోకాటి నొప్పి నడకలోనే బయటపడును. భుజపు నొప్పి అట్లు కాదు. చొక్కా తొడుగుకొనునప్పుడు, జడ వేసికొనునప్పుడు, అటక మీది డబ్బా అందుకొనబోయినప్పుడు అది మనకు తెలియవచ్చును. రాత్రివేళ ఆ ప్రక్కకు ఒత్తిగిల్లినచో నిద్ర చెడును.

మన దేహములో అన్నివైపులకును మిక్కిలి స్వేచ్ఛగా తిరుగు కీలు ఇదియే. చేతి యెముక పైకొన గుండు వలె నుండును. రెక్క యెముకలోని లోతులేని చిప్పపై అది తిరుగును. రెంటిని కప్పి నున్నని మృదులాస్థి పొర యుండును. కీళ్లవాతమున ఆ పొర అరిగిపోయి ఎముకతో ఎముక రాచుకొనును.

చెడిన కీలును తీసి వేరొకటి అమర్చవలెనను ఆలోచన పాతదే. 1893లో పారిస్ నగరమున పియాన్ అను శస్త్రవైద్యుడు, క్షయవలన భుజము చెడిన 37 ఏండ్ల రొట్టెల పనివానికి కృత్రిమపు కీలు అమర్చెను. ప్లాటినపు కాడకు గట్టిపరచిన రబ్బరు గుండు తగిలించి దానిని తయారుచేసినది ఒక దంతవైద్యుడు. కాని రోగము లోపల మిగిలియే యుండుటచే సుమారు రెండేండ్లకు దానిని తీసివేయవలసివచ్చెను.

1950 తరువాతి సంవత్సరములలో న్యూయార్కునందు చార్లెస్ నీర్ ఈ మార్గమును బలపరచెను. గుండును కోసివేసి, ఎముక నడిమి మూలుగలోనికి లోహపు కాడను దించుట ఆయన పద్ధతి. మొదట విరిగిన ఎముకలకు వాడి, పిదప కీళ్లవాతమునకును వాడి, 1974లో ఆ ఫలితములను ప్రకటించెను. ఎందరికో బాధ తగ్గెను. అయినను కోసిన ఎముక తిరిగి రాదు. బిగిసిన కాడను మరల తీయవలసివచ్చినచో అది కష్టసాధ్యము.

అరిగినది పైపొర యైనప్పుడు గుండునంతను కోయనేల? తుంటికీలు విషయమున ఈ ప్రశ్న ముందే పుట్టెను. 1923లో బోస్టనునందు స్మిత్ పీటర్సన్ తుంటి గుండుకు గాజు తొడుగు వేసి చూచెను. గాజు పగులుచుండుటచే పిమ్మట లోహమును వాడెను.

భుజమున ఈ పనిని ఇంగ్లండులోని రెడింగు పట్టణమున స్టీఫెన్ కోప్లండ్ 1986లో ఆరంభించెను. పుచ్చిన పంటికి తొడుగు వేసినట్లే, గుండుపై కొంత చెక్కి, నడుమ రంధ్రము చేసి, చిన్న మొలగల లోహపు టోపీని బిగించుటయే ఆ పద్ధతి. 1993 నుండి టోపీ లోపలివైపున, ఎముకలోని ఖనిజమునే పోలిన పూత పూసిరి. దానికి ఎముకయే పెరిగి అతుకుకొనును, సిమెంటు అక్కరలేదు.

ఎముక మిగులుటయే దీని గొప్ప లాభము. మునుముందు వేరొక కీలు అవసరమైనను దారి తెరచియుండును. కాని గుండుకు తొడుగు వేసినంతమాత్రమున చిప్ప బాగుపడదు. గుండు అడ్డముగా నుండుటచే చిప్పకు ప్లాస్టిక్ పళ్లెము అమర్చుట కష్టము. అమర్చకున్నచో లోహపు రాపిడికి చిప్ప అరిగి నొప్పి మరల రావచ్చును. డెన్మార్కు, ఆస్ట్రేలియా దేశములు వేలకొలది శస్త్రచికిత్సల లెక్కలను వ్రాసియుంచగా, రెండుప్రక్కలను మార్చిన కీళ్లకంటె ఈ తొడుగులకే రెండవమారు శస్త్రచికిత్స అధికముగా కావలసివచ్చినదని తేలెను. అందుచే వీని వాడుక తగ్గినది. ఈ శతాబ్దమున, గుండును మాత్రము కోసి పొడవు కాడ లేకయే బిగించు కీళ్లు ముందుకు వచ్చినవి.

అయినను తొడుగు నేర్పిన పాఠము పోలేదు: అక్కరలేని ఎముకను తీయరాదు. శస్త్రచికిత్స మాట వచ్చినప్పుడు మనము వైద్యుని రెండు ప్రశ్నలడుగుట మంచిది. చిప్ప ఎట్లున్నది? భుజమును త్రిప్పు కండరముల నరములు తెగకుండ నున్నవా? గుండుకు ఏమి చేయవలెనో ఆ రెంటిని బట్టియే తేలవలెను.