ప్రమాదం అంటే ఎవరి అజాగ్రత్త?

నేను చదివింది బి.కాం. రక్షణ శాఖ అకౌంట్స్‌లో ముప్పై అయిదేళ్ళు పనిచేసి 2019లో రిటైరయ్యాను. మా అబ్బాయికి హజీరాలో ఉద్యోగం కావడంతో సూరత్‌లోని అడాజన్‌కి వచ్చి స్థిరపడ్డాం. పొద్దున్నే టీ తాగుతూ ఒక గుజరాతీ పేపరూ, ఫోనులో ఒక తెలుగు పేపరూ చూస్తాను. అన్నిటికంటే ముందు చదివేది రోడ్డు ప్రమాదాల వార్తలు. "ఇదేం పాడు అలవాటండీ" అని మా ఆవిడ విసుక్కుంటుంది. ఈ అలవాటుకి కారణం ఉంది.

తాపీ నదికి అవతల, లింబాయత్ వైపు తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాలనుంచి మగ్గాల పనికి వచ్చిన పద్మశాలీలే ఎక్కువ. వాళ్ళకి దరఖాస్తులూ, బ్యాంకు కాగితాలూ రాసిపెట్టడం నా రిటైర్మెంటు కాలక్షేపం. 2021లో ఒకామె ఒక పేపరు ముక్క పట్టుకొచ్చింది. ఆమె భర్త పవర్‌లూమ్ కార్మికుడు. రాత్రి షిఫ్టుకి సైకిల్ మీద వెళ్తుంటే వెనకనుంచి టెంపో గుద్దింది. గుజరాతీలో నాలుగు లైన్ల వార్త. శీర్షిక చదివి అర్థం చెప్పాను: సైకిల్ మీద వెళ్తున్న పరప్రాంతీయుడు ప్రమాదంలో మృతి.

"మా ఆయిన పేరేది సారూ?" అంది.

పేరు వెయ్యలేదమ్మా అన్నాను.

"గుద్దినోడి సంగతి?"

అదీ లేదు.

మా ఆఫీసులో ఏ పద్దు కింద రాయాలో తేలని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో వేసేవాళ్ళం. అది తాత్కాలికం. ఎవరి ఖాతాకి చెందుతుందో కనిపెట్టి అందులోకి మార్చేదాకా ఆడిట్ వాళ్ళు ఊరుకోరు. ఈ శీర్షికలో చావు ఖర్చు రాశారు గానీ ఎవరి ఖాతాలో రాయాలో రాయలేదు. మన తెలుగు పత్రికలు అలాంటి చావుల కోసం ఒక శాశ్వత సస్పెన్స్ ఖాతానే తెరిచాయి. దాని పేరు విధి. "మృత్యువు కాటేసింది", "విధి వక్రించింది", "మృత్యువు లారీ రూపంలో దూసుకొచ్చింది" - ఇలాంటివి మీరూ వందలు చదివి ఉంటారు. లారీకి డ్రైవరుంటాడు, ఓనరుంటాడు, అరిగిన బ్రేకులుంటాయి. మృత్యువుకి ఇవేవీ ఉండవు. వారఫలాల పేజీని చూసి నవ్వే హేతువాదులం, మొదటి పేజీలో ఉన్న ఈ జాతకాన్ని మాత్రం పట్టించుకోము.

అసలు "ప్రమాదం" అనే మాటే చూడండి. సంస్కృతంలో దీని అర్థం ఏమరుపాటు, అజాగ్రత్త. పాలీలో దీనికి వ్యతిరేకపదం "అప్పమాద". ధమ్మపదంలో రెండో అధ్యాయానికి అదే పేరు. అంటే బుద్ధుడి నాటికి ప్రమాదం ఒక మనిషి చేసే తప్పు. ఇవాళ మనకది ఎవరూ చెయ్యకుండా దానంతటదే జరిగే సంఘటన. తప్పుని చెప్పాల్సిన మాటే తప్పుని దాచే మాటగా మారిపోయింది.

చట్టం మాత్రం మారలేదు. 1870లో ఇండియన్ పీనల్ కోడ్‌లో చేర్చిన 304-ఎ సెక్షన్ నిర్లక్ష్యంగా ఒకరి చావుకి కారణమైన వ్యక్తి గురించే చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. పోలీసు ఎఫ్.ఐ.ఆర్.లో కర్త ఉంటాడు. స్టేషన్ నుంచి పత్రికాఫీసుకి వచ్చే దారిలోనే ఆ కర్త మాయమవుతున్నాడు.

ఇది మన దగ్గర మాత్రమే జరిగిన పని కాదు. 1896 ఆగస్టులో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే నలభై నాలుగేళ్ళ స్త్రీని ఒక ప్రదర్శన కారు గుద్ది చంపింది. విచారణ జరిపి ప్రమాదవశాత్తు మరణం అని తేల్చారు. అయినా కారుకి తొలిరోజుల్లో అంత మర్యాదేం దక్కలేదు. 1920లలో అమెరికా పత్రికలు కార్లని హంతకులుగా రాశాయి, కార్టూన్లు వేశాయి. 1922లో బాల్టిమోర్‌లో కార్ల కింద పడి చనిపోయిన పిల్లల కోసం స్మారకం కట్టారు. 1923లో సిన్సినాటిలో కార్లకి గంటకి 25 మైళ్ళు దాటకుండా యంత్రం బిగించాలని నలభై వేలమందికి పైగా సంతకాలు పెట్టారు.

కార్ల వ్యాపారులు బెదిరిపోయారు. ఆ ప్రతిపాదనని ఓటింగులో ఓడించారు. తర్వాత వాళ్ళ సంఘం, నేషనల్ ఆటోమొబైల్ ఛాంబర్ ఆఫ్ కామర్స్, పత్రికలకి ఒక ఉచిత సేవ మొదలుపెట్టింది. విలేఖరి ప్రమాద వివరాలు పంపితే చాలు, వార్త రాసి తిరిగి పంపేవాళ్ళు. ఆ వార్తల్లో తప్పు ఎక్కువగా నడిచేవాడిదే అయ్యేది. "జేవాకర్" అనే తిట్టు ప్రచారం పొందింది కూడా అప్పుడే. జే అంటే పల్లెటూరి బైతు, మన భాషలో ఎర్రబస్సు దిగినవాడు. పీటర్ నార్టన్ అనే చరిత్రకారుడు 2008లో అచ్చయిన "ఫైటింగ్ ట్రాఫిక్" పుస్తకంలో ఈ కథంతా ఆధారాలతో చెప్పాడు. అంటే ఇప్పుడు మనం సహజం అనుకునే వార్తా భాష వెనక ఒక వ్యాపార ప్రయోజనం ఉంది.

సూరత్‌లో "పరప్రాంతీయుడు" అనే మాట చేసే పని కూడా జేవాకర్ చేసిన పనే. చనిపోయినవాడు ఇక్కడివాడు కాడు, కాబట్టి ఇక్కడి రోడ్డుకి ఆ చావుతో సంబంధం తక్కువ. 2021 జనవరిలో మా జిల్లాలోనే, కోసంబా దగ్గర కీమ్-మాండ్వీ రోడ్డు పక్కన నిద్రపోతున్న కూలీల మీదనుంచి ఒక ట్రక్కు వెళ్ళిపోయింది. పదిహేనుమంది చనిపోయారు. ఎక్కువమంది రాజస్థాన్‌లోని బాంస్‌వాడా జిల్లావాళ్ళు. నేను చదివిన శీర్షికల్లో "రోడ్డు పక్కన నిద్రిస్తున్న" అనే మాట ముందుంది. అది నిజమే. కాని అక్కడ పడుకోవాల్సిన అవసరం వాళ్ళకి ఎందుకొచ్చింది, పనిచేయించుకున్నవాళ్ళు గూడెందుకు ఇవ్వలేదు అన్న ప్రశ్న లేకుండా ఆ నిజాన్ని ఒక్కదాన్నే ముందు పెడితే, అది తప్పు ఒప్పుకోలులాగా వినపడుతుంది.

ఇలాంటి మాటలు పాఠకుడిమీద పనిచేస్తాయా? 2019లో అమెరికాలో పరిశోధకులు దాదాపు వెయ్యిమందికి ఒకే ప్రమాదాన్ని వేర్వేరుగా రాసి చదివించారు. కర్త స్థానంలో నడిచేవాడి బదులు డ్రైవరుని పెట్టగానే, చనిపోయినవాడిమీద నింద తగ్గింది. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2001లోనే "యాక్సిడెంట్" అన్న మాటని తన పేజీల్లో వాడొద్దని నిర్ణయించింది. బ్రిటన్‌లో 2021లో విలేఖరుల కోసం ప్రత్యేక మార్గదర్శకాలు వచ్చాయి: వాహనం గురించి కాదు, నడిపిన మనిషి గురించి రాయండి అని.

ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. విచారణ పూర్తికాకుండా డ్రైవరుని దోషి అనొచ్చా? అనకూడదు. కాని "టెంపో నడుపుతున్న వ్యక్తి సైకిల్‌ని వెనకనుంచి ఢీకొట్టాడు" అన్నది తీర్పు కాదు, జరిగిన సంగతి. పైగా "హెల్మెట్ లేదు", "చీకట్లో వెళ్తున్నాడు" అని చనిపోయినవాడిమీద రాసేటప్పుడు ఎవరూ విచారణ కోసం ఆగడం లేదు కదా?

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో మన దేశపు రోడ్లమీద చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో పాదచారులు 32,825. ద్విచక్ర వాహనాలమీద ఉన్నవాళ్ళు 74,897. ఈ రెండూ కలిపితేనే నూటికి 64. ఇంత పెద్ద మొత్తాన్ని ఏటా విధి ఖాతాలో రాసి పుస్తకం మూసేస్తున్నాం.

పేపరు ముక్క తెచ్చినామె సంగతి చెప్పాలి. "రాత అట్లుంది, కోర్టుల చుట్టు తిరిగితే మనిషి వస్తడా" అని ఆమె మరిది అడ్డం చెప్పాడు. నేను మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్ పిటిషను నమూనా ముందుపెట్టి చదివాను. చనిపోయినవారి పేరు, వృత్తి, వాహనం నంబరు, ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీ. ఆ శీర్షిక వదిలేసినవన్నీ ఆ కాగితం అడుగుతోంది. ఆమె చాలాసేపు ఆలోచించి, "పేరు నేను చెప్త, రాయి సారూ" అంది. రెండేళ్ళ మీద పరిహారం వచ్చింది. విధిమీద దావా వెయ్యలేం. టెంపోకి నంబరుంది కాబట్టి వెయ్యగలిగాం.

అప్పటినుంచి పేపరు పక్కన పెన్సిలు పెట్టుకుంటున్నాను. "మృత్యువు" అన్నచోట కొట్టేసి, వార్తలో దొరికితే వాహనం, నడిపినవారు అని రాస్తాను. దొరక్కపోతే ప్రశ్నార్థకం పెట్టి సంపాదకుడికి కార్డు రాస్తాను. మిత్రులు కూడా ఒక వారంపాటు చేసి చూడండి. ప్రశ్నార్థకాలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి.