అరవై దాటాక కట్టించిన ఇల్లు

పదవీ విరమణకు ముందో వెనకో, చేతికందిన పి.ఎఫ్. సొమ్ముతో ఇల్లు కట్టి ఆపసోపాలు పడ్డవారు మనలో చాలామందే ఉన్నారు. అట్టి మిత్రులకు ఇంగ్లాండులోని డార్బీషైర్‌లో ఉన్న హార్డ్‌విక్ హాల్ చరిత్ర రుచిస్తుందని నా నమ్మకం.

దానిని కట్టించినది బెస్ ఆఫ్ హార్డ్‌విక్‌గా ప్రసిద్ధురాలైన ఎలిజబెత్. పుట్టిల్లు ఏమంత కలిగినది కాదు. నాలుగు పెళ్లిళ్లు చేసుకొని నలుగురు భర్తలనూ పోగొట్టుకొన్నది. ఆఖరి భర్త ష్రూస్‌బరీ ప్రభువుతో ఆస్తి తగాదాలు ఏళ్ల తరబడి సాగాయి. 1590లో ఆయన పోయేనాటికి ఆమెకు అరవై దాటాయి. అప్పటికే పుట్టింటి స్థలంలో ఒక మేడ లేస్తూ ఉంది. అది పూర్తికాకుండానే కూతవేటు దూరంలో మరొకటి మొదలుపెట్టింది! 1597 అక్టోబరులో గృహప్రవేశం.

ప్లాను రాబర్ట్ స్మిత్‌సన్‌ది అంటారు. రాయి సొంత క్వారీది, గాజు సొంత బట్టీలది. గాజు ఖరీదైన ఆ రోజుల్లో గోడలకన్నా కిటికీలే ఎక్కువ కనిపించేలా కట్టించింది. కింద నౌకర్లు, మధ్య అంతస్తులో కుటుంబం, పైన దర్బారు గదులు. పైకి పోయేకొద్దీ గది ఎత్తూ కిటికీ ఎత్తూ పెరుగుతాయి. కొన్ని ఉత్తుత్తి కిటికీలు, వెనక ఉన్నది గోడే! ఆరు బురుజుల మీదా రాతిలో ఆమె పేరు పొడి అక్షరాలు. చలికాలంలో ఆ గాజుమేడలో ఎలా వేగారో మరి.

బేరంలోనూ గట్టి మనిషి. రాణిగారి మంత్రి హాటన్ మరణించాక, ఆయన కొన్న 13 బొమ్మల నేత గోడతెరలను ఈమె కొన్నది. వాటిపై హాటన్ వంశచిహ్నాలు మార్చాలని ధరలో 5 పౌండ్లు తగ్గించింది. తీరా చేసింది, రంగు గుడ్డలు అతికించడమే. అందులోని ఆడలేళ్లకు కొమ్ములు దిద్దించి, రెండో భర్త కావెండిష్ వంశపు దుప్పులుగా మార్పించింది.

1608లో ఆమె పోయాక వారసులు చాట్స్‌వర్త్ భవనం మీదే మోజుపడ్డారు. హార్డ్‌విక్‌ను కొత్త ఫ్యాషన్లకు తగినట్లు మార్చే శ్రద్ధ ఎవరికీ లేకపోయింది. నా దృష్టిలో ఆ ఉపేక్షే దానిని కాపాడింది.

1950లో పదో డ్యూకు చనిపోగా, ఆస్తిపై 80 శాతం మరణపన్ను పడింది. (మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1953లో వచ్చి 1985లో పోయింది, రెవెన్యూ మిత్రులకు గుర్తుండే ఉంటుంది.) పన్ను కింద 1956లో హార్డ్‌విక్ ప్రభుత్వపరమై, 1959లో నేషనల్ ట్రస్టుకు చేరింది. డ్యూకుగారి తల్లి ఎవెలిన్, తానూ ముసలి వితంతువే, 1960 వరకు అక్కడే కాపురముండి ఆ పాత తెరలను స్వయంగా సూదీదారంతో బాగుచేస్తూ వచ్చింది. ఆ 13 తెరల పూర్తి మరమ్మతుకు ట్రస్టువారికి 24 ఏళ్లు పట్టింది, 2023లో ముగిసింది.