ఇంటి చదువు: కొత్తరెడ్డిపాలెం యూదు మాదిగల పిల్లలు

దళితుల పిల్లలకు రెండు చదువులున్నయి. ఒకటి బడి చదువు, రెండోది ఇంటి చదువు. మనమెవరం, ఎక్కడి నుంచి వచ్చినం, ఎవరికి మొక్కాలె, ఏం తినాలె అన్నది రెండో చదువే చెప్తది. చరిత్రకారులు దీన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. తీసుకోవాలని మా వాదన. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో యూదులుగా బతుకుతున్న మాదిగ కుటుంబాలు ఇందుకు ఉదాహరణ.

వీళ్లు తమను బెనే ఎఫ్రాయిం, అంటే ఎఫ్రాయిం సంతతి అని చెప్పుకుంటరు. అంతకుముందు క్రైస్తవంలో ఉన్న ఈ కుటుంబాలు 1980ల చివర్లో షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ముల నాయకత్వంలో, తాము తప్పిపోయిన ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకరమని ప్రకటించుకున్నయి. 1991లో ఊర్లో యూదుల ప్రార్థనామందిరం వెలిసింది. క్రీ.పూ. 722 ప్రాంతంలో అస్సిరియన్లు ఇశ్రాయేలు రాజ్యాన్ని కూల్చిన తర్వాత చెదిరిపోయిన తమ పూర్వీకులు చివరికి తెలుగు నేలకు చేరుకున్నరని వాళ్ల కథనం. దీన్ని రుజువు చేసే శాసనం గని పత్రం గని బయటపడలేదు. కాని రుషుల పేర్లతో గోత్రాలు చెప్పుకునేవాళ్లను శాసనం చూపమని ఎవరూ అడగరు. రుజువు అడిగేది వాడనే. కాబట్టి మేం అడిగే ప్రశ్న వేరు: ఈ పిల్లలకు ఈ చరిత్ర ఎందుకు అవసరమైంది?

కాలాన్ని చూడాలె. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను చంపిన్రు. మందిరం వెలిసిన ఏడే, 1991 ఆగస్టు 6న, అదే గుంటూరు జిల్లాలో చుండూరు మారణకాండ జరిగింది. వీటివల్లనే వాళ్లు యూదులైన్రని మేం అనడం లేదు. అయితే కోస్తా దళితులు తమ పేరును, చరిత్రను తామే చెప్పుకోవాలని నిలబడ్డ కాలమది. బెనే ఎఫ్రాయిం కూడా ఆ కాలం బిడ్డలే.

యూదు సంప్రదాయానికి ఇల్లే మొదటి బడి. శుక్రవారం పొద్దుగూకే ముందు ఇంటి ఆడవాళ్లు దీపాలు ముట్టించి సబ్బాతును లోపలికి పిలుస్తరు. పస్కా రాత్రి ఇంట్లో అందరికంటే చిన్నబిడ్డ ప్రశ్నలడగాలె, ఒకప్పుడు మనం బానిసలమని, విడుదలైనమని పెద్దలు జవాబు చెప్పాలె. తరతరాలు వెట్టి చేసిన జనానికి ఈ ప్రశ్నోత్తరం పరాయిది కాదు. పెద్దకూర తినుడు, చనిపోయినోళ్లను పాతిపెట్టుడు అంటరానితనానికి గుర్తులని ఊరు ఎగతాళి చేసింది. వాటినే యూదుల ఆనవాళ్లుగా ఈ ఇళ్లల్లో పిల్లలకు చెప్పిన్రు. అవమానాన్ని వారసత్వం చేసుకునుడంటే ఇదే. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో అచ్చేసిన పరిశోధన గ్రంథం ఈ మలుపును వివరంగా చూపింది.

కాని ఇంటి చదువుకు ఖర్చుంది. శనివారం కూలికి పోకపోతే ఆనాటి కూలి పాయె. పిల్లలకు బడి పాయె. తల్లిదండ్రులకే కొత్తయిన హీబ్రూ అక్షరాలను పిల్లలకు నేర్పాలె. అన్నిటికంటే బరువైంది సర్టిఫికెట్. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే షెడ్యూల్డు కులాల హోదా. అందులో యూదుల పేరు లేదు. ఇంట్లో యూదుడని నేర్చుకున్న బిడ్డ కాగితం మీద అట్ల రాయిస్తే స్కాలర్‌షిప్పు, సీటు పోయే ప్రమాదముంది. ఇంకో చిక్కు: యూదుల ధర్మశాస్త్రం తల్లిని బట్టి బిడ్డను లెక్కిస్తది, మన ఆఫీసు మామూలుగా తండ్రి కులం అడుగుతది. ఇజ్రాయెల్ కూడా తలుపు తీయలేదు. మణిపూర్, మిజోరాంలోని బ్నెయ్ మెనాషెను 2005లో అక్కడి ప్రధాన రబ్బీ ఇశ్రాయేలు సంతతిగా గుర్తించిన్రు. బెనే ఎఫ్రాయింకు ఆ గుర్తింపు రాలేదు.

ఇది కోస్తా ముచ్చట మాత్రమే అని మా సంగారెడ్డి, పటాన్‌చెరు పాఠకులు అనుకోవద్దు. మెదక్‌లో వెస్లియన్ మిషన్ కట్టిన పెద్దగుడి 1924 క్రిస్మస్ నాడు తెరుచుకుంది. ఆ చుట్టుపక్కల ఊర్లల్లో మాల, మాదిగ కుటుంబాలు మోషే కథను ఇంట్లోకి తెచ్చుకున్నయి. దానికంటే ముందే చిందువాళ్లు, డక్కలివాళ్లు జాంబపురాణం చెప్పి, లోకానికి ఆదిలో పుట్టిన జాంబవుని వారసులమని మాదిగ పిల్లలకు నేర్పిన్రు. జాంబవుడు, మోషే, ఎఫ్రాయిం పేర్లు వేరు. వాడ బిడ్డకు ఊరిచ్చిన పుట్టుక కాకుండా ఇంకో పుట్టుక ఇయ్యాలన్న పని ఒక్కటే.

ఊరు విడిచి ఫ్యాక్టరీ షిఫ్టులకు వచ్చిన కుటుంబాల్లో చిందు ఆట చూసే రాత్రుల్లేవు, పిల్లలతో కూసునే సాయంత్రాలు తక్కువ. ఇంటి చదువు తెగిపోతే బడి పుస్తకంలో ఉన్నదే చరిత్ర అయితది. అందుకే కాలనీల్లో అవ్వలు, తాతలు పిల్లలకేం చెప్తున్నరో రాసిపెట్టే పని పరిశోధకులు ఇప్పుడే మొదలుపెట్టాలె. కొత్తరెడ్డిపాలెం వాళ్ల కథను నమ్మినా నమ్మకపోయినా, బిడ్డ అడిగితే జవాబు సిద్ధంగా పెట్టుకున్న ఇండ్లవి. మన ఇండ్లల్ల ఆ జవాబు ఏముందో మనం వెతుక్కోవాలె.